‘ఎప్పటి నుంచి?’ అని అడిగే పెద్దలకు

పోయిన ఆదివారం శ్రీకాకుళంలో ఉంటున్న మా బాబాయి ఫోన్ చేసి ఒకసారి ఇంటికి రమ్మన్నారు. డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్న వాళ్ళమ్మాయి, మూడేళ్ళుగా ‘మా ఫ్రెండ్’ అని ఇంట్లో అందరికీ తెలిసిన తన క్లాస్‌మేట్‌నే పెళ్ళి చేసుకుంటానని చెప్పిందట. ఆ అబ్బాయి వాళ్ళింటికి ఎన్నోసార్లు వచ్చాడు, పిన్ని వడ్డిస్తే తిన్నాడు, కిందటేడు పిన్ని ఆసుపత్రిలో ఉన్నప్పుడు మందుల చీటీ పట్టుకుని తిరిగాడు. అంతవరకూ అతను బుద్ధిమంతుడే. ఇప్పుడు బాబాయి కోపమంతా జరగబోయే పెళ్ళి మీద కంటే జరిగిపోయిన ఆ మూడేళ్ళ మీద ఉంది. ‘ఎప్పటి నుంచో దాన్నడుగు, నీకైతే చెబుతుంది’ అన్నారు. నన్నే ఎందుకు పిలిచారంటే, మా వంశంలో ఇటువంటి పని మొదట చేసినదాన్ని నేనే.

ఆ రెండు మాటల మీద నాకు ఏళ్ళ తరబడి దాచుకున్న కోపం ఉంది. తెలుసుకుందామని ఎవరూ ‘ఎప్పటి నుంచి’ అని అడగరు. ఒక తేదీ దొరికితే దాని తరువాత జరిగినదంతా మోసమని రాసుకోవచ్చు, దానికి ముందు తాము ఎక్కడ ఏమరుపాటుగా ఉన్నామో తేల్చుకుని ఒకరినొకరు నిందించుకోవచ్చు. దొంగలు పడిన ఇంట్లో ‘రాత్రి గొళ్ళెం ఎవరు వేశారు’ అని అడిగినట్టే ఉంటుంది ఆ గొంతు. స్నేహితులుగా ఉన్న ఇద్దరు ప్రేమికులైనప్పుడు ఇంట్లోవాళ్ళకు కలిగే మొదటి అనుమానం, ఆ స్నేహం అసలు స్నేహమే కాదేమోనన్నది. ఇదే నా ఫిర్యాదు. ప్రేమ నిజమని ఒప్పుకోవడానికి సిద్ధపడిన పెద్దలు కూడా స్నేహం నిజమని ఒప్పుకోరు.

నా సంగతి చెబితేగానీ ఇది అర్థం కాదు. మాది పొందూరు. 2016 నుంచి 2019 వరకు రోజూ రైల్లో విజయనగరం వెళ్ళి డిగ్రీ చదువుకున్నాను. సిగడాం, చీపురుపల్లి, గరివిడి, నెల్లిమర్ల, ఒక్కొక్క స్టేషన్లో ఒకరిద్దరు ఎక్కేవారు, విజయనగరం చేరేసరికి ఆరుగురం అయ్యేవాళ్ళం. నా కథలోని అబ్బాయిది పలాస వైపు ఉద్దానం. విజయనగరంలో గది తీసుకుని ఉండేవాడు కాబట్టి ఉదయం బండిలో ఉండేవాడు కాదు, శనివారం సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు మాత్రం మాతో ఎక్కేవాడు. నేను పొందూరులో దిగిపోతే అతను పలాస దాకా ఒక్కడే వెళ్ళేవాడు. మా స్నేహం ఎంత మామూలుదంటే, రెండేళ్ళపాటు ఒకరి మనసులోని మాట ఇంకొకరికి చెప్పుకున్న జ్ఞాపకం నాకు లేదు. మురీ మిక్చర్ పొట్లం ఎవరు కొనాలనే తగాదా, ప్రాక్టికల్ రికార్డులు ఎవరివి చూసి ఎవరు రాశారనే లెక్క, నాకు ఇవ్వాల్సిన 30 రూపాయలు అతను ఎగ్గొట్టాడనే నా నిత్య ఆరోపణ, ఇంతే. అతని గురించి ఇంట్లో చెప్పడానికి దాచవలసినంత విషయమే ఉండేది కాదు. చెప్పాను కూడా. మా అమ్మకు అతని పేరు, ఊరు, వాళ్ళ జీడితోట సంగతి అన్నీ మొదటి సంవత్సరంలోనే తెలుసు.

ఇక్కడ ఒక మాట పక్కకు వెళ్ళి చెప్పాలి. మా వైపు ఆడపిల్ల మగపిల్లవాడితో మాట్లాడాలంటే ‘అన్నయ్యా’ అన్న పిలుపు ఒక అనుమతి పత్రం వంటిది. ఇంటర్ రెండేళ్ళూ అమ్మాయిల క్యాంపస్ వేరు, అబ్బాయిల క్యాంపస్ వేరు అన్న పద్ధతిలో పెరిగి, డిగ్రీలో ఒక్కసారిగా ఒకే గదిలో కూర్చోబెడితే, ఎదుటివాడిని ఏమని పిలవాలో కూడా తెలియని స్థితిలో ఉంటాము. కొందరు తెలివైనవాళ్ళు రాఖీ పౌర్ణమి వచ్చేదాకా ఆగి, తమకు ఇబ్బంది అనిపించినవాళ్ళందరికీ వరసగా రాఖీలు కట్టేసి ఊపిరి పీల్చుకునేవారు. నేను ఎవరినీ అన్నయ్య అనలేదు, ఎవరికీ రాఖీ కట్టలేదు. పేరు పెట్టి పిలిచాను. తరువాత ఇదే నా మీద నేరంగా వచ్చింది. ‘అన్నయ్య అని పిలవలేదంటేనే మొదటి నుంచీ మనసులో ఏదో ఉన్నట్టు కదా’ అని మా మేనత్త తీర్పు చెప్పింది. ఆడపిల్లకు అన్నయ్య, భర్త అనే రెండు గదులే తప్ప మధ్యలో వసారా కూడా ఉండకూడదని దాని అర్థం.

మూడో సంవత్సరంలో తుపాను వచ్చింది. ఉద్దానం వాళ్ళకు తిత్లీ అనే మాట చాలు, ఇంకేమీ చెప్పనక్కరలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి, పనస, తరాలుగా పెంచిన తోటలు కొన్ని గంటల్లో నేలకు ఒరిగిపోయాయి. అతను దసరా సెలవులకు ఊరు వెళ్ళి ఉన్నాడు. ఆ వైపు కరెంటు లేదు, ఫోన్లు లేవు. మా పొందూరులో గాలి వీచి వాన పడి ఆగిపోయింది కానీ, టీవీలో చూపిస్తున్న చెట్లన్నీ నాకు అతని తోటలోవిగానే కనిపించాయి. స్విచ్చాఫ్ అని వస్తుందని తెలిసీ అదే నంబరుకు రోజుకు ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు. ఐదో రోజున పలాసలో ఎవరిదో ఫోన్ నుంచి చేశాడు. ‘రికార్డులన్నీ తడిసిపోనాయి, నీవి ఇస్తే మళ్ళీ రాసుకోవాల’ అన్నది అతని మొదటి మాట. తరువాత కాసేపు ఆగి, తోట లేదని చెప్పాడు. నేను ఓదార్పుగా ఏదో అనాలనుకుని, ముందు ఆ 30 రూపాయల సంగతి తేల్చమన్నాను. అతను నవ్వాడు, ఆ నవ్వు మధ్యలోనే గొంతు పూడుకుపోయింది. అటువైపు ఎవరో ఫోన్ తిరిగి అడుగుతున్నారు, లైన్ తెగిపోయింది.

సినిమా తీసేవాళ్ళకు చెబితే ప్రేమ పుట్టిన చోటు ఇదేనని వాన, వయొలిన్లు పెట్టేస్తారు. నేను ఒప్పుకోను. ఆ ఐదు రోజుల్లో నాకు తెలిసినది, అంతకుముందే ఉన్నదొకటి నా కంట పడిందన్నది మాత్రమే. ఇంట్లో ఎప్పటి నుంచో ఉన్న వస్తువు కరెంటు పోయిన రాత్రి కాలికి తగిలితే, అది ఆ రాత్రే వచ్చిందని అనం కదా. అది రెండేళ్ళ మురీ మిక్చర్లలోనో, రికార్డుల్లోనో, శనివారం సాయంత్రాలలోనో ఎక్కడో ఉంది. వెనక్కి వెళ్ళి ఎంత వెతికినా ‘ఇక్కడి వరకు స్నేహం’ అని గీత గీయదగిన చోటు నాకు దొరకలేదు. గీత లేదు కాబట్టి అంతా ప్రేమేనని మా మేనత్త అంటుంది, నేను అంతా స్నేహమేనని అంటాను.

ఆ ఏడాది సిరిమానోత్సవానికి అతను విజయనగరం వచ్చాడు. విజయదశమి వెళ్ళిన తరువాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను, అంటే పూజారిని కొసన కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను, కోట దాకా మూడుసార్లు వెళ్ళి వచ్చేసరికి ఆ జనంలో మనిషికి మనిషి కనిపించడు. అతనితో కలిపి మా ఏడుగురం చేతులు పట్టుకుని నిలబడ్డాం. ఎప్పటిలాగే అందరం అరిచాం, అందరం అరటిపళ్ళు విసిరాం. చెప్పుకోదగినది ఏమీ జరగలేదు. అతను చెప్పింది సంక్రాంతి సెలవుల తరువాత, శనివారం బండిలో, చీపురుపల్లి దాటాక. నేను ఏమీ అనలేదు. అనకపోవడానికి కారణం భయం. ఇష్టం లేదని చెబితే ఒక స్నేహితుడు పోతాడు, ఉందని చెప్పి రేపు చెడిపోతే అప్పుడూ ఆ స్నేహితుడే పోతాడు. కొత్త మనిషిని ప్రేమించేవాళ్ళకు ఈ భయం తెలియదు, వాళ్ళకు పోగొట్టుకోవడానికి పాతది ఏమీ ఉండదు. నాలుగు నెలలు జవాబు ఇవ్వలేదు. ఆ నాలుగు నెలలూ అతను శనివారం అదే బండి ఎక్కాడు, అదే సీటులో కూర్చున్నాడు, మళ్ళీ ఆ ఊసెత్తలేదు. నేను కాస్త దూరంగా ఉంటే దూరంగానే ఉన్నాడు కానీ, మిగతా అయిదుగురి ఎదుట నన్ను చిన్నబుచ్చే ఒక్క మాట కూడా అనలేదు. పరీక్షలైపోయిన రోజున నేను ఒప్పుకున్నానంటే అతను చెప్పిన మాటకు కాదు, చెప్పిన తరువాత ఉన్న తీరుకు.

ఇదే కాలంలో మా బ్యాచ్‌లోనే ఇంకొక సంగతి జరిగింది. ఒక అబ్బాయి నా స్నేహితురాలికి ప్రేమిస్తున్నానని చెప్పాడు. ఆమె మర్యాదగా కాదంది. మరుసటి వారానికల్లా ‘మూడేళ్ళు వెంట తిప్పుకుని ఇప్పుడు కాదంటోంది’ అని కాలేజీ అంతా తెలిసిపోయింది. అతని దగ్గర లెక్కలు పక్కాగా ఉన్నాయి. ఫలానా తేదీన మొదటిసారి చూశాడు, ఫలానా నాటి నుంచి ప్రేమిస్తున్నాడు, ఫలానా పుట్టినరోజుకు ఇంత ఖర్చు పెట్టాడు. తనను ‘ఫ్రెండ్ జోన్’లో పెట్టిందని అందరికీ చెప్పుకుని బాధపడేవాడు. (సరిగ్గా ఆ ఫిబ్రవరిలోనే, 2019లో, విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్ ప్రకటించారు. మా రైలు బ్యాచ్‌కి తెలిసిన జోన్ అదొక్కటే. ఇతనికి కూడా ఒకటి మంజూరైందని మేము చెప్పుకుని నవ్వుకున్నాం. నవ్వవలసింది కాదని ఇప్పుడు అనిపిస్తుంది, ఎందుకంటే ఆ అమ్మాయి నెల రోజులు కాలేజీకి రాలేదు.) ‘ఎప్పటి నుంచి’ అన్న ప్రశ్నకు తడుముకోకుండా తేదీతో సహా జవాబు చెప్పగలిగినవాడు అతనొక్కడే. పెద్దలు మోసమని పిలవదలిస్తే పిలవదగినది అదీ. స్నేహాన్ని వాయిదాల పద్ధతిలో కట్టి చివర వస్తువు ఇమ్మని అడగడం. మొదటి రోజే ఇష్టపడి, కాదన్నాక కూడా హుందాగా స్నేహితులుగా మిగిలినవాళ్ళు లేరని నేను అనను, వాళ్ళను కూడా చూశాను. మగపిల్లలకే ఈ లెక్కల జబ్బు ఉంటుందని కూడా అనను. కానీ తేదీ చెప్పలేనివాళ్ళను బోనులో నిలబెట్టి, తేదీలు రాసుకున్నవాడి మీద ‘పాపం, ఎంత ప్రేమించాడో’ అని జాలిపడే లోకం మీద నాకు కోపం తగ్గదు.

మా ఇంట్లో 2021లో చెప్పాను. కులాలు వేరు కాబట్టి ‘ఆళ్ళేటోళ్ళు’ అన్న ప్రశ్న మొదట వస్తుందనుకున్నాను, కానీ అది వాళ్ళకు ముందే తెలుసు, స్నేహితుడిగా ఉన్నప్పుడే ఎప్పుడో కనుక్కుని ఉంచుకున్నారు. అందుచేత నేరుగా ‘ఎప్పటి నుంచి’ దగ్గరకే వచ్చారు. ఇంట్లో ఎంతకూ కుదరకపోతే స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద రిజిస్టర్ చేసుకోవచ్చని అతను వివరాలు కనుక్కున్నాడు. 1954 నాటి ఆ చట్టం అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాయా, ఇదివరకే పెళ్ళై భార్యో భర్తో ఉన్నారా అని అడుగుతుంది, నోటీసు పెట్టి 30 రోజులు ఆగమంటుంది. ఆ 30 రోజుల నిబంధన మీద నాకు వేరే కోపం ఉంది, అది ఇంకోసారి రాస్తాను. అయినా చట్టం కూడా ప్రేమ మొదలైన తేదీ రాయమని గడి పెట్టలేదు. ఆ అవసరం రాకుండానే 2022లో పెద్దలే పెళ్ళి చేశారు. అందరిలోకీ మా నాయనమ్మ నయం. తిప్పుతున్న రాట్నం ఆపి ‘జీడితోటెంతుందే’ అని అడిగింది. తుపానులో పోయిందని చెబితే, నా పెళ్ళి సంగతి పక్కన పెట్టి ఆ తోట కోసం కాసేపు ఏడ్చింది.

ఇక పోయిన ఆదివారం సంగతి. బాబాయి హాల్లో కూర్చున్నారు. నేను గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాను. చెల్లి మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుంది, ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి. నేను ఏమీ అడగలేదు. అదే అడిగింది. ‘అప్పుడు పెద్దమ్మకి ఏం చెప్పావక్కా?’

నిజం చెప్పాను. మూడు రాత్రులు మా అమ్మ నిద్రపోకుండా అదే ప్రశ్న అడిగితే, నాలుగో రోజున 2018 అక్టోబరు 11 అని చెప్పేశాను. శ్రీకాకుళం జిల్లాలో ఎవరికీ వివరించనక్కరలేని తేదీ అది. అమ్మ కుదుటపడింది. తుపానులో అంతా పోగొట్టుకున్న పిల్లవాడి మీద కూతురికి జాలి కలిగిందనే కథ ఆమెకు మోయడానికి వీలుగా అనిపించింది. ఆ తేదీకి ముందరి రెండేళ్ళూ ఆమె దృష్టిలో మచ్చ లేకుండా మిగిలాయి. ఇప్పటికీ చుట్టాలకు అలాగే చెబుతుంది. విన్నవాళ్ళు ‘అయ్యో’ అంటారు, నేను వంటింట్లోకి వెళ్ళిపోతాను.

చెల్లి కాసేపు ఆలోచించింది. వేళ్ళు మడిచి ఏవో నెలలు లెక్కపెట్టుకుంది. తరువాత నా వైపు చూసి, ‘మాకు తుపానేదీ రాలేదక్కా’ అంది.