మడి చెడకుండా బ్రెజిల్ వెళ్లి రావడం ఎలా?

హైదరాబాద్ నుంచి బ్రెజిల్ వెళ్లే కుటుంబాలు ఈమధ్య అక్కడక్కడా కనిపిస్తున్నాయి. సింగపూర్ అయిపోయింది. అమెరికాలో పిల్లల్ని చూసి రావడం విహారయాత్ర కింద లెక్కకు రాదు. దుబాయ్ గురించి చెబుదామంటే వినేవాళ్లు లేరు. ఇక మిగిలింది దక్షిణ అమెరికా. ఈ ఉత్సాహాన్ని మెచ్చుకుంటూనే ఒక హెచ్చరిక చేయడం నా ధర్మం. బ్రెజిల్ అంటుకునే దేశం. కాస్త ఏమరుపాటుగా ఉన్నామంటే అక్కడి తిండి నాలుకకు పడుతుంది, అక్కడి తీరిక ఒంటికి పడుతుంది. కాబట్టి ఆ దేశం ఎక్కడా తగలకుండా, వెళ్లినవాళ్లు వెళ్లినట్టే తిరిగి రావడానికి పాటించవలసిన మడి నియమాలను తోటి నగరవాసుల క్షేమం కోరి రాస్తున్నాను.

ముందు వీసా. బ్రెజిల్ ఎంబసీ ఢిల్లీలో, కాన్సులేట్ జనరల్ ముంబైలో ఉన్నాయి. మనకు చిలుకూరు ఉంది. కోరుకోవడానికి 11 ప్రదక్షిణలు, తీరాక 108. అమెరికాకూ ఇదే రేటు, బ్రెజిల్‌కూ ఇదే రేటా అని మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు అడిగారు. స్వామి దగ్గర దేశాన్ని బట్టి రాయితీలు లేవు.

మన దేశం నుంచి అక్కడికి నేరుగా విమానం లేదు. దుబాయ్‌లోనో దోహాలోనో మారితే, అక్కడి నుంచే సావ్ పాలోకు సుమారు 15 గంటలు. దిగగానే గడియారం మార్చకండి. రియో, సావ్ పాలో మనకంటే ఎనిమిదిన్నర గంటలు వెనక ఉంటాయి. హైదరాబాద్‌లో పెదనాన్న గారు పొద్దున ఆరింటికి గ్రూపులో పెట్టే గులాబీ పువ్వు, శుభోదయం మీకు ముందురోజు రాత్రి తొమ్మిదిన్నరకు అందుతాయి. లేచి నమస్కారం పెట్టాల్సిందే. పెట్టకపోతే బ్రెజిల్ వెళ్లి మారిపోయారంటారు.

ఇప్పుడు అసలు సమస్య, దేశం సైజు. 85 లక్షల చదరపు కిలోమీటర్లు. అంటే రెండున్నర భారతదేశాలు. అంతటి నేల మీద 2022 జనగణన ప్రకారం ఉన్నది 20 కోట్ల చిల్లర మంది, 2011 లెక్కల్లో మన ఉత్తరప్రదేశ్ జనాభాకు అటూ ఇటూగా. ఇది మన పర్యాటకుడి లెక్కకు అందదు. ట్రావెల్ ఏజెంట్ దగ్గర ఒక బావగారు అడుగుతుంటే విన్నాను: "ఏమండీ, రియో నుంచి అమెజాన్ అడవికి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి వెనక్కి వచ్చేయొచ్చా?" రావచ్చు, భోజనం అమెజాన్ అడవి మధ్య నగరమైన మనౌస్‌లో, రాత్రి పడక విమానంలో అనుకుంటే. రియో నుంచి మనౌస్‌కు ఎగిరేదే నాలుగు గంటలు. పోనీ రైలెక్కుదామా అంటే, దూరప్రాంతాలకు రోజువారీ ప్రయాణికుల రైళ్లు ఆ దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కూడా లేవు. బెర్తు కింద చెప్పులు దాచుకుని, పక్కవాళ్ల పులిహోర తింటూ వెళ్లే సౌకర్యం లేదు. స్లీపర్ బస్సులు మాత్రం బాగుంటాయి.

అందుకే నేను సూచించేది ఆరు రోజుల ప్యాకేజీ. రియోలో క్రీస్తు విగ్రహం, ఇగ్వాసు జలపాతం, అమెజాన్, మళ్లీ రియో. ఏదీ సరిగ్గా చూడకుండా అన్నీ చూసినట్టవుతుంది. విగ్రహం 1931 నాటిది, 30 మీటర్ల ఎత్తు, 700 మీటర్ల కొండ మీద ఉంటుంది. కొండ మీద మబ్బు పడితే విగ్రహం పాదాలు తప్ప కనపడవు. అయినా ఫొటో దిగండి, మన వెనక తెల్లగా ఉన్నదంతా విగ్రహమేనని చెప్పొచ్చు. ఇగ్వాసులో సుమారు 275 ధారలు, 2.7 కిలోమీటర్ల వెడల్పున పడతాయి. అందరిలాగే మీరూ ఫోన్‌లోంచి చూడండి. ఒళ్లు తడవదు.

మనౌస్ దగ్గర మాత్రం మడి కట్టుకున్నవారు తప్పక దర్శించాల్సిన చోటు ఒకటుంది. నల్లటి రియో నెగ్రో, కాఫీ రంగు సోలిమోయిస్ నదులు అక్కడ కలుస్తాయి. కలిసినా కలవవు. వేగం వేరు, వేడి వేరు, సాంద్రత వేరు. దాదాపు ఆరు కిలోమీటర్లు ఒకదాని నీళ్లు ఒకదానికి అంటకుండా, మధ్యలో గీత గీసినట్టు పక్కపక్కనే పోతాయి. ప్రపంచంలో ఇంత నిష్ఠగా ప్రవహించే నీళ్లు ఇంకెక్కడా నాకు తెలియదు. ఆరు కిలోమీటర్లు దాటాక కలిసిపోతాయి. అది కంటపడకముందే బోటు వెనక్కి తిప్పించండి.

భోజనం దగ్గరే చాలామందికి మడి చెడుతుంది. కనుక రైస్ కుక్కర్ పట్టుకెళ్లడం మన ఆనవాయితీ. ఆవకాయ సీసా మూతకు టేపు, దానికి ప్లాస్టిక్ కవరు, ఆ కవరుకు రబ్బరు బ్యాండు, మొత్తానికి పాత టవలు చుట్టి పెడతారు. సావ్ పాలోలో పెట్టె తెరిచేసరికి నూనె వాటన్నిటినీ దాటి పెళ్లిపట్టుచీర అంచు దాకా వచ్చి ఉంటుంది. అది ఆవకాయ స్వభావం, బ్రెజిల్‌ను నిందించి లాభం లేదు. కుక్కర్ సంగతి వేరు. రియో, సావ్ పాలోల్లో మామూలుగా 127 వోల్టులు. బ్రసీలియా, రెసీఫె లాంటి చోట్ల 220. మన 230 వోల్టుల కుక్కర్‌ను 127కు తగిలిస్తే మూడో వంతు వేడి కూడా రాదు. పైగా మన లావు మూడు పిన్నుల ప్లగ్గు అక్కడి సాకెట్‌లో దూరదు. అడాప్టర్ కొని, తగిలించి, హోటల్ గదిలో నలుగురూ కుక్కర్ చుట్టూ కూర్చుంటే గంటకు బియ్యం గోరువెచ్చగా నానుతాయి. ఇదే సమయంలో కింద వీధిలో బ్రెజిల్ మొత్తం వేడి వేడి అన్నం, చిక్కుడు గింజల పప్పులాంటి కూర కలుపుకుని తింటూ ఉంటుంది. వాళ్ల రోజువారీ భోజనం అదే. ఈ విషయం పిల్లల చెవిన పడనివ్వకండి. (శాకాహారులు ఆ గింజల్లో పంది మాంసం ముక్క వేశారేమో అడిగి తినాలి. చాలాచోట్ల వేస్తారు.)

తూకం హోటళ్లతో జాగ్రత్త. మనకు నచ్చింది ప్లేటులో పెట్టుకుంటే దాన్ని కాటాలో పెట్టి గ్రాముల లెక్కన డబ్బు తీసుకుంటారు. ఫంక్షన్ హాల్ బఫేల్లో ఏళ్ల తరబడి చేసిన సాధన, అంటే అన్నం మీద కూర, కూర మీద వేపుడు, దాని మీద అప్పడం నిలబెట్టే విద్య, ఇక్కడ ఎదురు తంతుంది. ఇక కాల్చిన మాంసం హోటళ్లకు వెళ్తే కత్తుల్లాంటి చువ్వలకు గుచ్చి తెచ్చి కోసి పెడుతూనే ఉంటారు. టేబుల్ మీద ఒక బిళ్ల ఉంటుంది. పచ్చ వైపు తిప్పితే తెమ్మని, ఎర్ర వైపు తిప్పితే చాలని. తిప్పగానే నిజంగానే ఆగిపోతారు. "అయ్యో, ఏం తిన్నావని, ఇంకొక్క ముక్క" అనేవాళ్లు లేరు. మర్యాద తెలియని దేశం అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఆ చువ్వలకు గుచ్చేది ఎక్కువగా గొడ్డు మాంసమే. తినేవాళ్లు తింటారు, మానేవాళ్లు మానేస్తారు, అది వాళ్ల ఇష్టం. నేను చెప్పేది వేరే ప్రమాదం. ఊరి బయట బస్సు కిటికీలోంచి మేత బీళ్లు చూడకండి. చూస్తే తెల్లటి ఒళ్లు, ఎత్తైన మూపురం, వేలాడే గంగడోలు కనపడి మన ప్రకాశం జిల్లా వాళ్లకు కళ్లు చెమరుస్తాయి. అవి మన ఒంగోలు పశువులే. 1960ల తొలి ఏళ్లలో ఓడెక్కిన ఎద్దుల్లో ఒకదానికి ఒంగోలు పక్కనున్న కరవది ఊరి పేరే ఉండేది. ఇవాళ ఆ దేశపు మాంసం పశువుల్లో సింహభాగం ఈ జాతిదే, నెలోరే అంటారు. వాటిలో వియాటినా-19 అనే ఆవు విలువ 40 లక్షల డాలర్లు దాటి గిన్నిస్ రికార్డుకెక్కింది. మన పిల్లలు అమెరికాలో గ్రీన్ కార్డు కోసం ఏళ్ల తరబడి క్యూలో ఉంటే, మన గిత్తలు ఒక్క దరఖాస్తు లేకుండా బ్రెజిల్‌లో స్థిరపడి, దేశాన్ని నింపేసి, వెనక్కి వచ్చే ఊసే ఎత్తడం లేదు.

వచ్చినవి కూడా ఉన్నాయి. ఆవకాయలో పడే మిరప అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు ఓడల్లో దిగింది. జీడిమామిడి బ్రెజిల్ చెట్టు. ఏకాదశి ఉపవాసానికి చేసే సగ్గుబియ్యం ఉప్మాకు మూలమైన కర్రపెండలం పుట్టిల్లు కూడా అటువైపే. ఈ పేరా అత్తగార్లకు చదివి వినిపించవద్దు.

దొంగతనాల గురించి అందరూ భయపెడతారు. పెద్ద నగరాల్లో ఫోన్ చేతిలో ఊపుకుంటూ నడవకూడదన్నది నిజమే. హెల్మెట్‌లో ఫోన్ దోపుకుని పంజాగుట్ట దాటేవాడికి ఈ మాట ఎక్కదు. డబ్బు రొంటిన దోపుకోండి. నాయనమ్మ చెప్పిన పద్ధతి, టూరిస్టు పుస్తకాలూ అదే చెబుతాయి. నాకు తెలిసి మన మనిషికి అసలు గుండెకోత జరిగేది దొంగ దగ్గర కాదు, కొబ్బరిబోండాల బండి దగ్గర. కోపకబానా ఇసుకలో బండికి వేలాడుతున్న క్యూఆర్ కోడ్ చూసి ప్రాణం లేచి వస్తుంది. ఫోన్ తీస్తాడు. స్కాన్ చేస్తాడు. ఎండకు అడ్డంగా చెయ్యి పెట్టి మళ్లీ చేస్తాడు. మన డబ్బాలోంచి వచ్చే ఆ అమ్మాయి గొంతు రాదు. ఆ కోడ్ యూపీఐది కాదు, పిక్స్ అనే వాళ్ల చెల్లింపు పద్ధతిది, 2020 నవంబరులో వాళ్ల సెంట్రల్ బ్యాంకు మొదలుపెట్టింది. మామూలుగా అక్కడి పన్ను నంబరు, అక్కడి ఖాతా ఉండాలి. కార్డు ఇవ్వండి, దాదాపు అందరూ తీసుకుంటారు. కానీ యూపీఐ లేని చోట కొబ్బరినీళ్లు గొంతు దిగవనుకోండి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా, చివరికి మిమ్మల్ని మైలపడ్డవారిగా చూసేది భారత ప్రభుత్వమే. బ్రెజిల్‌లో ఎల్లో ఫీవర్ ఉంది, మన దగ్గర లేదు, దాన్ని మోసే దోమ మాత్రం మన దగ్గర దండిగా ఉంది. అందుకని అక్కడి నుంచి వచ్చేవాళ్లు టీకా వేయించుకున్న కార్డు చూపాలి. లేకపోతే ఆరు రోజుల వరకు విడిగా ఉంచుతారు. ఈ మైలకు శుద్ధి నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఉంది. టీకా వేసిన పది రోజులకు గానీ కార్డు చెల్లుబాటు కాదు. కాబట్టి సూట్‌కేస్ కొనడానికి ముందే వెళ్లండి, 60 దాటినవాళ్లు డాక్టర్‌ను అడిగి వెళ్లండి. ఒక్క సూది జీవితాంతం పనిచేస్తుంది. కార్డు మాత్రం లగేజీలో వేయకండి, చేతి సంచీలో పెట్టుకోండి. శంషాబాద్‌లో ఆ కౌంటరు సామాన్ల బెల్టు కంటే ముందే వస్తుంది.