బీడీకి పన్ను రాయితీ పేదవాడికి మేలు కాదు

2026 ఫిబ్రవరి 1 నుంచి సిగరెట్లపై జీఎస్టీ 40 శాతమైంది. దానికి తోడు పొడవును బట్టి వెయ్యి సిగరెట్లకు 2,050 నుంచి 8,500 రూపాయల దాకా ఎక్సైజ్ సుంకం పడుతోంది. ధర పెరిగితే పొగతాగడం తగ్గుతుందన్నది ఎన్నో దేశాల్లో తేలిన విషయమే కాబట్టి ఈ పెంపును మనస్ఫూర్తిగా స్వాగతించాలి. అయితే అదే రోజు నుంచి బీడీపై పన్ను 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. బీడీ చుట్టే తునికాకుపై పన్ను అంతకుముందే, 2025 సెప్టెంబరులో, 18 నుంచి 5 శాతానికి తగ్గింది. సిగరెట్టును శిక్షించి బీడీని కాపాడే ఈ విధానాన్ని ప్రజారోగ్య విధానంగా నేను అంగీకరించలేను.

మన దేశంలో సిగరెట్టు కంటే బీడీ తాగేవారే ఎక్కువ. 2016-17లో పెద్దల్లో పొగాకు వాడకంపై జరిగిన గాట్స్ సర్వే ప్రకారం 15 ఏళ్లు నిండినవారిలో 7.7 శాతం మంది బీడీ తాగుతుండగా, సిగరెట్టు తాగేవారు 4 శాతమే. ఆకుతో చుట్టింది కాబట్టి బీడీ వల్ల హాని తక్కువన్న భ్రమ ఇంకా చాలామందిని వదల్లేదు. నిజానికి తునికాకులోంచి గాలి సరిగా ఆడదు. ఆరిపోకుండా ఉండాలంటే గట్టిగా, మాటిమాటికీ దమ్ము లాగాలి. అందుకే పొగాకు తక్కువే ఉన్నా తారు, కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్టు కంటే ఎక్కువగా ఊపిరితిత్తుల్లోకి చేరతాయి.

బెంగళూరులో ఈ పన్ను తేడా ఎవరి మీద పడుతుందో చూడాలంటే పొద్దున్నే ఏదైనా కూలీల అడ్డాకు వెళ్లాలి. అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల నుంచి వచ్చిన తాపీ మేస్త్రీలు, సెంట్రింగ్ పనివాళ్లు టీ గ్లాసు పట్టుకుని మేస్త్రీ పిలుపు కోసం చూస్తుంటారు. చొక్కా జేబులో బీడీ కట్ట, అగ్గిపెట్టె ఉంటాయి. రోజంతా సిమెంటు దుమ్ము పీల్చే ఛాతీ అది. ధర చూసి ఐటీ ఉద్యోగి సిగరెట్టు మానేస్తే ప్రభుత్వ లక్ష్యం నెరవేరినట్టే, కానీ ఈ కూలీకి మానేయమని చెప్పే ధరే లేదు. సిగరెట్టు అలవాటున్నవాడు కూడా భారం భరించలేక బీడీకి మారితే, పన్ను పెంచిన ఫలితం అక్కడే ఆవిరైపోతుంది. జబ్బు ముదిరి కిద్వాయి క్యాన్సర్ ఆసుపత్రికి వచ్చేసరికి ఆ ఇంటికి ముందుగా పోయేది రోజు కూలి.

నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్లల్లో బీడీలు చుట్టి బతికే మహిళల మాటేమిటని అడుగుతారు. తోసిపుచ్చాల్సిన ప్రశ్న కాదిది. వారికి వేరే ఉపాధి చూపకుండా పన్ను ఒక్కటే పెంచడం అన్యాయమే.

కానీ ఈ రాయితీ ఆ మహిళల కోసమేనా? బీడీ కార్మికుల వైద్యానికి, పిల్లల స్కాలర్‌షిప్పులకు, ఇళ్లకు నిధి సమకూర్చేందుకు 1976లో చట్టం చేసి బీడీపై ప్రత్యేక సెస్సు పెట్టారు. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు దాన్ని రద్దు చేశారు. కార్మికురాలి పేరిట వసూలయ్యే సొమ్మును తీసేసి, ఇప్పుడు అదే కార్మికురాలి పేరు చెప్పి కంపెనీ కట్టే పన్ను తగ్గించారు. ఆకుపై పన్ను తగ్గితే ఆ మిగులు ముందు చేరేది యజమానికే. వెయ్యి బీడీలకింత అని లెక్కగట్టే కూలి రేటులో దానంతటదే పైసా కలవదు. పేదల పేరు మీద ఇచ్చే రాయితీలు పేదల గడప దాకా రాకపోవడం మన పన్నుల వ్యవస్థకు పాత జబ్బు. వలస కూలీ ఆరోగ్యానికి పట్నంలో అడిగే నాథుడు లేడు, పల్లెలో ఓటు బ్యాంకు లేదు కాబట్టే అది ఇంత సులువుగా సాగిపోతోంది.

పొగాకు వాడకం వల్ల దేశానికి 2017-18లో వాటిల్లిన నష్టం 1.77 లక్షల కోట్ల రూపాయలని అంచనా. చిల్లర ధరలో కనీసం 75 శాతం పన్ను ఉండాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణానికి బీడీ ఆమడ దూరంలో ఉంది. సిగరెట్టు మాదిరిగానే బీడీలపైనా వెయ్యికింత అని ఎక్సైజ్ వేయాలి. రద్దయిన సెస్సును తిరిగి తెచ్చి, ఆ డబ్బును బీడీలు చుట్టే మహిళలు మరో పనికి మారేందుకే ఖర్చు చేయాలి. పొగాకు కొనుగోలు వయసును 21 ఏళ్లకు పెంచి, హుక్కా బార్లను నిషేధించిన కర్ణాటక ఈ ప్రతిపాదనను జీఎస్టీ కౌన్సిల్ ముందు పెట్టాలి. బీడీ కార్మికులున్న తెలంగాణ, కూలీలను బెంగళూరుకు పంపుతున్న ఆంధ్రప్రదేశ్ దానికి మద్దతివ్వాలి.