గణపతిలో గ

వ్యాపారం గురించి రాసేవాళ్ళు వ్యాపారం చేయలేరన్న సంగతి మా ఆవిడకి పెళ్ళయిన కొత్తలోనే తెలిసిపోయింది. మిగతా హైదరాబాదుకి తెలియడానికి ఒక ఫ్లెక్స్ కావాల్సి వచ్చింది.

బిజినెస్ బ్లాగర్లందరం ఒక సంఘం పెట్టుకోవాలన్న ఆలోచన జీఎస్టీ గారిది. అది ఆయన అసలు పేరు కాదు. 2017 జులై 1న జీఎస్టీ పన్ను వచ్చాక ఆయన ఇంకో విషయం రాయలేదు, అంతే. "కంపెనీలవాళ్ళు పిలిచి, సమోసా పెట్టి, ఓ పెన్ను చేతిలో పెట్టి రాయించుకుంటున్నారండీ. మనకంటూ ఒక రేటు ఉండొద్దా? ఒక ఐడీ కార్డు ఉండొద్దా?" అన్నారు. రేటు సంగతేమో గానీ, కార్డు అనగానే అందరం సై అన్నాం.

2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సంఘానికి కనీసం ఏడుగురు సభ్యులుండాలి. సరిగ్గా ఏడుగురం తేలాం. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో ఒక హోటల్ మేడ మీద గది మాట్లాడాం. ఫ్లెక్స్ బాధ్యత నాది. షాపు కుర్రాడికి ఫోన్లోనే చెప్పాను, "తెలుగు వ్యాపార బ్లాగర్ల సంఘం" అని. వెనకాల మిషన్ రొద.

"ఏం ఘర్ల సంఘం సార్?"

"బ్లాగర్ల! బ్లా... గ... గణపతిలో గ!"

"ఓకే సార్, అర్థమైంది."

గణపతి కూడా ప్రింటయి వచ్చాడు, ఎడమ మూలన, ఎలుకతో సహా. కింద ఆరడుగుల వెడల్పున ఎర్ర అక్షరాలు: తెలుగు వ్యాపార బ్లాకర్ల సంఘం.

చుట్టూ థియేటర్లు. పైగా శుక్రవారం. అప్పటికే హోటల్ కుర్రాడు దాన్ని బాల్కనీకి, రోడ్డు వైపు తిప్పి కట్టేశాడు. పొదుపు మేడం తన డైరీలోంచి కాయితం చింపి, స్కెచ్ పెన్నుతో "గ" రాసి, టేపుతో "క" మీద అతికించారు. బస్సు ఒకటి వెళ్ళింది. "గ" ఎగిరి కింద మిర్చిబజ్జీల బండి మీద వాలింది.

లోపల పదవుల చర్చ మొదలైంది. ఉన్నది ఆరుగురం. ఏడో ఆయన అత్తగారింట్లో గృహప్రవేశమని అప్పుడే ఫోన్ చేశాడు. ఐదుగురం అధ్యక్షులమవుదామనుకున్నాం. జీఎస్టీ గారు మాత్రం గౌరవాధ్యక్షుడినైనా చాలన్నారు. కోశాధికారి పదవి దగ్గర అందరం టీ కప్పుల్లోకి చూశాం. పొద్దస్తమానం డబ్బు గురించి రాసేవాళ్ళమే!

షేర్ల మాస్టారిది ఇంకో టెన్షన్. మార్కెట్ పాఠాలు చెప్పేవాళ్ళు గత మూడు నెలల షేర్ల ధరలు వాడకూడదని 2025 జనవరిలో షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ చెప్పింది కదా. అప్పట్నుంచి ఆయన టీ ధర అడిగినా మూడు నెలల కిందటిదే చెబుతున్నారు. బిల్లులో ఆయన వాటా కూడా ఆ లెక్కనే ఇచ్చారు.

ఇంతలో మెట్ల మీద చెప్పుల చప్పుడు. ఏడో ఆయన మనసు మార్చుకున్నాడనుకున్నాం. ఇరవై రెండేళ్ళ కుర్రాడెవరో తల లోపలికి పెట్టాడు.

"అన్నా, ఫస్ట్ షోకి మూడుంటాయా? బాల్కనీ?"

జీఎస్టీ గారు లేచి నిలబడి, మేం అలాంటివాళ్ళం కాదనీ, వాణిజ్య రచయితలమనీ ఐదు నిమిషాలు ఉపన్యాసం ఇచ్చారు. కుర్రాడు మొహమాటంగా విన్నాడు. "నేను కూడా రాస్తా సార్. కలెక్షన్లు. నైజాం ఎంత, సీడెడ్ ఎంత, బ్రేక్ ఈవెన్‌కి ఇంకా ఎంత రావాలి... రోజూ పెడతా."

ఆరుగురం ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకున్నాం. అది వ్యాపారం కాదంటే ఇంకేది వ్యాపారం? పొదుపు మేడం కుర్చీ జరిపారు. నేను టీ చెప్పాను. ఆధార్ జిరాక్స్ ఉందా అని మాస్టారు అడిగితే, ఫోన్లో ఉందన్నాడు. మా ఆరుగురిలో ఒక్కరూ తేలేదు.

ఏడో నంబరు ఎదురుగా పేరు రాసి, సంతకం చేసి, పెన్ను మూత పెట్టి జాగ్రత్తగా జీఎస్టీ గారి చేతికిచ్చాడు. తర్వాత గొంతు తగ్గించి నా వైపు వంగాడు.

"ఇప్పుడు మెంబర్నే కదన్నా... మూడు టికెట్లు, రేటెంతైనా పర్లేదు."