మా సరిహద్దుకో దిమ్మల ఆట కావాలి

ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దున ఉన్న పర్లాకిమిడి వాళ్లం ఇన్నేళ్లూ అడిగినవన్నీ చిల్లర కోరికలే. బళ్లో తెలుగు మాస్టారు కావాలన్నాం, రైలు వేళలు మార్చమన్నాం, మహేంద్రతనయ ఒడ్డున చెత్త ఎత్తించమన్నాం. అడిగిన ప్రతిదానికీ ‘పరిశీలనలో ఉంది’ అన్న జవాబు ఓసారి ఒడియాలో, ఓసారి తెలుగులో వచ్చింది. పరిశీలించేవాళ్ల కళ్లు నొప్పెట్టి ఉంటాయి. అందుకని ఆ అర్జీలన్నీ వాపసు తీసుకుని, ఇరు రాష్ట్రాల ప్రభుత్వాలకూ ఒకే ఒక్క విన్నపం చేసుకుంటున్నాం. మాకో దిమ్మల ఆట కావాలి. పైనుంచి ఒక్కో దిమ్మా రాలుతుంటే తిప్పి, జరిపి, సందుల్లేకుండా పేర్చుకునే ఆట. అది కూడా ఓ పెద్ద కథల ఆటలోంచి పుట్టిందై ఉండాలి.

ఈ రెండో షరతు గొంతెమ్మ కోరిక కాదు. విజువల్ నావెల్ అని జపాన్‌లో ఓ జాతి ఆటలున్నాయి. తెర మీద ఓ బొమ్మ, బొమ్మ ముందు ఓ అమ్మాయి, కింద పెట్టెలో మాటలు. నొక్కుతూ ఉంటే మాటలు వస్తూ ఉంటాయి, తెల్లారిపోతుంది. మధ్యలో ఎప్పుడో ‘గుడికెళ్తావా, లైబ్రరీకెళ్తావా’ అని అడుగుతుంది. నువ్వు నొక్కినదాన్ని బట్టి కథ ఓ రూటు పట్టుకుంటుంది. చున్‌సాఫ్ట్ అనే కంపెనీ 1992లో ‘సౌండ్ నావెల్’ అంటూ ఇలాంటివి మొదలెడితే, 1996లో లీఫ్ అనే కంపెనీ ‘విజువల్ నావెల్’ అన్న పేరు తగిలించింది. మొత్తం మీద ఆడేవాడు చేసే పని చదవడం. చదువునే ఆటని చెప్పి పిల్లల చేత డబ్బిచ్చి మరీ కొనిపించారంటే, మన పాఠ్యపుస్తకాల కమిటీలు ఓసారి అటు యాత్ర వెళ్లి రావాల్సిందే. (వెళ్లకుండా ఉంటారా, బడ్జెట్ ఉండాలి గానీ.)

కథ బాగా అమ్ముడుపోయాక కంపెనీవాడికి బుద్ధి పుడుతుంది. కథ తీసేసి, మొహాలు ఉంచి, పైనుంచి ఏదైనా రాలిస్తే పోలే అనుకుంటాడు. కొనామీ వాళ్లు 1994లో టోకిమేకి మెమోరియల్ అని ఓ ప్రేమాయణం ఆట తెచ్చారు. హైస్కూల్లో మూడేళ్లు బుద్ధిగా చదువుకుని, ఒళ్లు పెంచుకుని, తలకట్టు దిద్దుకుని, ఆఖరి రోజున చెట్టు కింద అమ్మాయి నోట ‘నువ్వంటే ఇష్టం’ అనిపించుకోవాలి. ఏడాది తిరక్కుండా 1995లో అదే అమ్మాయిల్ని తెచ్చి గోళీలు రాలే ఆటలో కూర్చోబెట్టారు. మూడేళ్ల తపస్సు లేదు, చెట్టు లేదు. ఎదురుగా కూర్చుని నీ మీదకి గోళీలు రాలుస్తుంది, అంతే. సెగా వాళ్లూ అంతే. 1996లో ఓ అమ్మాయిల దళం కథగా సకురా టైసెన్, మర్నాడే అన్నట్టు 1997లో ఆ దళంతోనే పైనుంచి రత్నాలు రాలే కాలమ్స్ ఆట. నా దృష్టిలో ఇది దిగజారుడు కాదు, పాలనా సంస్కరణ.

మా మేనకోడలు ప్లస్ టూ చదువుతోంది. దాని ఫోన్లో ఇలాంటిదే ఒకటుంది. చీకటి పడ్డాక వీధరుగు మీద దాని పక్కన కూర్చుని పరిశీలన చేశాను. నిలువుగా ఓ పెట్టె, అందులో దిమ్మలు. కుడి పక్క మూల అగ్గిపెట్టంత చోటులో నీలం జుట్టు పిల్ల. దాని కథ నలభై గంటలట. చిన్నప్పుడు తప్పిపోయిన అక్క, ఓ లైట్‌హౌస్, ఓ ఉత్తరం. ఇక్కడ అవేవీ లేవు. వరస నిండి మాయమైతే కళ్లు మూసుకుని నవ్వుతుంది. దిమ్మలు పేరుకుంటుంటే కనుబొమ్మలు పైకెత్తుతుంది, ఇంకా పేరుకుంటే రెండు చేతులూ చెంపలకి పెట్టుకుంటుంది.

“ఇంతకీ ఈ పిల్ల ఏటి సేస్తాదే?” అన్నాను.

“అదేటీ సెయ్యదు మావయ్యా. మనం పేరిస్తే నవ్వుతాది, కూలిపోతే ఏడుస్తాది.”

అప్పుడు వెలిగింది నాకు. మూలన ఫొటో, పని మనది. బియ్యం సంచి మీద, పాసుపుస్తకం అట్ట మీద, బస్టాండు ఫ్లెక్సీ మీద ఏళ్లుగా చూస్తున్న ఏర్పాటే ఇది. ఒక్కటే తేడా, మనం కూలిపోయినప్పుడు ఫోన్లో పిల్ల మొహం మారుతుంది. ఆ మేరకు జపాన్ వాడి సాంకేతికత మన ఫ్లెక్సీ కంటే ఓ మెట్టు పైనుంది.

దిమ్మల ఆట మనకేం కొత్త కాదు. తొంభైల్లో రథయాత్రకెళ్లొచ్చిన ప్రతి గుంటడి చేతిలోనూ బ్రిక్ గేమ్ ఉండేది. డబ్బా మీద ‘9999 ఇన్ 1’ అని పెద్దక్షరాలు. తీరా చూస్తే లోపల పట్టుమని పది ఆటలుండవు, మిగతావన్నీ అవే ఆటలు వేగం మార్చినవి. మేనిఫెస్టోలు రాసేవాళ్లు ఆ డబ్బా చూసే చేయి తిప్పుకున్నారని నా అనుమానం. వీటన్నిటికీ అమ్మమ్మ టెట్రిస్. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ అనే ప్రభుత్వోద్యోగి ఆఫీసు కంప్యూటర్ మీద తయారుచేశాడు. పది గళ్ల వెడల్పు, ఇరవై గళ్ల ఎత్తు, నాలుగేసి గళ్ల దిమ్మలు ఏడు రకాలు. హక్కులు సర్కారుకి పోయాయి, 1996 దాకా ఆయన చేతికి రాయల్టీ రాలేదు. పింఛను ఫైలు కదలక తిరుగుతున్న మా వీధి రిటైర్డ్ మాస్టార్లకి ఈ సంగతి చెబితే, సోవియట్ యూనియన్ మన పక్క జిల్లాయే అనుకున్నారు.

ఇప్పుడు మా కథలోకి వద్దాం. మేమున్నదే ఓ విజువల్ నావెల్‌లో. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది, పర్లాకిమిడిని అందులో కలిపారు. తెర మీద ప్రశ్న పడింది. రాజావారు కృష్ణచంద్ర గజపతి ఒడిశా రూటు నొక్కారు, 1937లో ఆ రాష్ట్రానికి తొలి ప్రధాని అయ్యారు (అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే అనేవారు), 1992లో జిల్లాకి ఆ వంశం పేరే పడింది. రాజావారి బళ్లోనే పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు రెండో రూటు నొక్కారు. డెబ్భై రెండేళ్ల వయసులో మూటాముల్లె సర్దుకుని రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన పుట్టిన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఒకే ఊరు, ఒకే ప్రశ్న, ఇద్దరికీ మంచి ముగింపులే. మా తాతల తెర మీద మాత్రం ఆ ప్రశ్న పడలేదు. వాళ్లు ‘తర్వాత’ మాత్రమే నొక్కారు. మేమూ అదే నొక్కుతున్నాం.

మా కథకి స్కిప్ బటన్ లేదన్నది అసలు బాధ. కొరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకులో కొఠియా పంచాయతీ ఉంది. అక్కడి 21 ఊళ్లు మావంటే మావని ఒడిశా, ఆంధ్రా పట్టుబడుతున్నాయి. 1968లో వ్యవహారం సుప్రీంకోర్టుకి ఎక్కింది. 2006లో కోర్టు ఇది తేల్చే పని తనది కాదంది, ఎక్కడివాళ్లక్కడే గప్‌చుప్. 2021లో ఆంధ్రా వాళ్లు అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే, ఒడిశా వాళ్లు కోర్టు ధిక్కారమని మళ్లీ తలుపు తట్టారు. నలభై గంటల కథకే మా మేనకోడలు బోరు కొట్టి దిమ్మలు పేర్చుకుంటోంది. ఇది 1968 నుంచి నడుస్తోంది, లైట్‌హౌస్ కూడా లేదు.

అందుకే ప్రభుత్వాలకి మా మనవి: కథ మీ దగ్గరే ఉంచుకోండి. చరిత్ర, గెజిట్లు, తామ్రశాసనాలు, సరిహద్దు రాళ్లు, అన్నీ మీవే. మాకు దిమ్మలు ఇచ్చేయండి చాలు.

నిజానికి దిమ్మలు ఎప్పుడో రాలుతున్నాయి, వాటిని ఆటగా గుర్తించడమే తరువాయి. పోయిన ఏడు ఓ ఆఫీసు కిటికీ ముందు నిలబడ్డాను. పనేమీ ఘనమైంది కాదు, నివాస ధ్రువపత్రం. గుమస్తా నా కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టాడు. ఒకదాంట్లో మనింటి అలవాటు ప్రకారం ఇంటిపేరు ముందుంది, రెండోదాంట్లో ఇక్కడి అలవాటు ప్రకారం వెనకుంది. ఆయన మొదటిదాన్ని ఎడంపక్కకి జరిపాడు, రెండోదాన్ని తిరగేశాడు, మళ్లీ కుడిపక్కకి జరిపాడు. ఎటు తిప్పినా మధ్యలో ఓ గడి ఖాళీ. చివరికి రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి, దారం వేసి, పైన బరువు పెట్టాడు. ఈలోగా నా వెనకున్నాయన కాగితాలు వచ్చి పడ్డాయి. ఆ గుట్ట బీరువా పైదాకా పెరిగి ఉంది. మూలన గోడ మీద ఫొటోలో పెద్దమనిషి నవ్వుతూనే ఉన్నాడు. ఆట నియమం ప్రకారం అప్పటికి చేతులు చెంపలకి పెట్టుకోవాలి.

దిమ్మల్లో అన్నిటికంటే మొండిది కులం సర్టిఫికెట్. ఏటికవతల ఆంధ్రాలోని పాతపట్నం నుంచి కోడలు ఆటోలో వచ్చేస్తుంది, సారె వచ్చేస్తుంది, సారెతో పాటు అరిసెల డబ్బా కూడా వచ్చేస్తుంది. సర్టిఫికెట్ మాత్రం ఏరు దాటదు. ఏ కులం ఏ జాబితాలో అన్నది ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే. అక్కడ బీసీ అయినవాళ్లు ఇక్కడ జాబితాలో కనిపించకపోవచ్చు. ఎస్సీ, ఎస్టీలకైనా పుట్టిన రాష్ట్రంలో హోదా పెళ్లితో పాటు కదిలి రాదు.

గణితం తెలిసినవాళ్లు ఇక్కడ కాస్త ముందుకు జరిగి కూర్చోవాలి. టెట్రిస్‌లో వంకర దిమ్మలు రెండున్నాయి. ఒకటి కుడికి వంకర, ఒకటి ఎడమకి వంకర. ఆ రెండే మార్చి మార్చి రాలుతుంటే ఎంత మొనగాడైనా ఓడిపోవాల్సిందేనని 1997లో హైడీ బర్గియెల్ అనే గణితవేత్త నిరూపించింది. 70,000 దిమ్మల లోపే ఆట ముగిసి తీరుతుందని లెక్క కూడా కట్టింది. ఆవిడ పర్లాకిమిడి ఎప్పుడూ రాలేదనుకుంటాను, వచ్చుంటే అంత లెక్క అక్కర్లేకపోను. మా పిల్లడు ఆంధ్రాలో సీటుకెళ్తే ‘నువ్వు లోకల్ కాదు, వరసగా నాలుగేళ్లు ఇక్కడ చదివుండాలి’ అంటారు. కుడి వంకర. తిరిగొచ్చి ఒడిశాలో సర్కారు ఉద్యోగానికి దరఖాస్తు పెడితే ‘ఏడో తరగతి స్థాయి ఒడియా పాసయ్యావా’ అంటారు. ఎడమ వంకర. ఒక్కో నియమాన్నీ విడిగా చూస్తే తప్పు పట్టడానికేం లేదు. తమ పిల్లలకి తమ సీట్లుండాలని ఎవరికుండదు? చిక్కల్లా రెండూ ఒకే పెట్టెలో, ఒకే పిల్లడి నెత్తిన, ఒకదాని తర్వాత ఒకటి రాలడం.

ఎదురెదురు ఆటలో మాత్రం మా సరిహద్దుకి సాటి లేదు. ఆ పద్ధతిలో నువ్వు వరస తీసేస్తే, ఆ చెత్త వెళ్లి అవతలివాడి పెట్టెలో పడుతుంది. కొఠియాలో ఒక ప్రభుత్వం పథకం ప్రకటిస్తే, రెండో ప్రభుత్వం ఊరుకోదు. ఒకరు రేషన్ కార్డు ఇస్తే రెండోవాళ్లూ ఇస్తారు. రెండు ఓటరు కార్డులున్న ఇళ్లూ ఉన్నాయని పత్రికలు ఎన్నోసార్లు రాశాయి. మహారాష్ట్ర అంచున చంద్రపూర్ జిల్లా జివతి తాలూకాలోనూ ఇదే తంతు. అక్కడ 14 ఊళ్లకి ఇటు తెలంగాణ, అటు మహారాష్ట్ర. ప్రపంచంలో ప్రత్యర్థి విసిరిన చెత్త బియ్యంగా పడే ఆట ఇదొక్కటే అయ్యుంటుంది. తగువు లేని మా పర్లాకిమిడి మీద అలాంటివేవీ పడవు. మేమెవరికీ శత్రువులం కాదు మరి, అదీ మా దురదృష్టం. మా వార్డు కుర్రాళ్లు కొందరు మన ఊరినీ వివాదాస్పదం చేద్దామని ప్రతిపాదించారు. పెద్దవాళ్లం వారించాం గానీ, మరీ గట్టిగా వారించలేదు.

ఆట గెలవలేమన్న నిరాశ పనికిరాదు. 1989లో వచ్చిన నింటెండో టెట్రిస్‌ని గెలవడం మనిషి వల్ల కాదనుకున్నారు. 2023 డిసెంబరులో అమెరికాలో ఓ పదమూడేళ్ల కుర్రాడు 157వ లెవెల్ దాకా వెళ్తే, ఇక దిమ్మ రాల్చలేక యంత్రమే గడ్డకట్టుకుపోయింది. అదీ గెలవడమంటే. ఈ లెక్కన మా ఆఫీసు కిటికీ దగ్గర సర్వర్ డౌన్ అయిన ప్రతిసారీ మేం గెలుస్తున్నట్టే. సంగతి తెలీక ఇన్నాళ్లూ గొణుక్కుంటూ ఇంటికొచ్చేశాం.

ఈ ఆటని ఏ ప్రభుత్వం విడుదల చెయ్యాలన్న దానిపై అప్పుడే అభిప్రాయభేదాలు మొదలయ్యాయట. రాబోయే దిమ్మని చూపించే చిన్న పెట్టె ఎడమవైపుండాలా, కుడివైపుండాలా అన్నది పెద్ద సమస్య. పడమర వైపు పెడితే అది ఆంధ్రాకి అనుకూలమనీ, తూర్పున పెడితే ఒడిశాకనీ ఓ వాదం. ఫోన్‌ని తిరగేసి పట్టుకుంటే ఏమవుతుందో న్యాయ నిపుణుల్ని అడిగి చెప్తామన్నారు. మూలన ఎవరి మొహం ఉండాలన్నది ఎన్నికల తర్వాత తేలుస్తారు.

మా మేనకోడలు ఒక్క సవరణ కోరింది. పాజ్ బటన్ వద్దట. “అది ఆల్రెడీ ఉంది కదా మావయ్యా, ‘పరిశీలనలో ఉంది’ అని” అంది.

అభ్యంతరాలున్నవారు ముప్ఫై రోజుల్లోగా మూడు ప్రతుల్లో, రెండు భాషల్లో, ఇంటిపేరు ఒకదాంట్లో ముందూ ఒకదాంట్లో వెనకా ఉండేట్టు రాసి దాఖలు చేసుకోవచ్చు. మూడో ప్రతిలో ఇంటిపేరు ఎక్కడుండాలో ఇంకా ఉత్తర్వులు రాలేదు.