ఒక్క ముక్క చదవడానికి ఇంత బరువా?

నా ల్యాప్‌టాప్ ర్యామ్ 4 జీబీ. బ్రౌజర్‌లో మెయిల్ తెరిచానంటే చాలు, ఫ్యాను పిండిమరలా అందుకుంటుంది. తీరా వచ్చిన మెయిల్ ఏంటయ్యా అంటే "రేపు మీటింగ్ పదకొండింటికి". దీనికేనా ఇంత ఆర్భాటం?

అందుకే ఆరు నెలలుగా ఆల్పైన్ అనే మెయిల్ ప్రోగ్రామ్ వాడుతున్నా. నల్ల తెర, తెల్ల అక్షరాలు, మౌస్‌తో పనే లేదు. మా తమ్ముడు చూసి "ఎవరి అకౌంటు హ్యాక్ చేస్తున్నావన్నా?" అన్నాడు. నిజానికి దీని ముందు తరం ప్రోగ్రామ్ పైన్‌ని 1989లో సియాటిల్‌లో, వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టింది అక్కడి ఆఫీసు సిబ్బంది కోసం. అందుకే ఏ మీట నొక్కితే ఏమవుతుందో తెర అడుగునే రాసి ఉంటుంది.

దీని ప్రాణమంతా ఐమ్యాప్‌లో ఉంది. మెయిళ్ళని సర్వర్‌లోనే ఉంచి చదువుకోవడానికి 1986లో మార్క్ క్రిస్పిన్ రూపొందించిన పద్ధతి. బావిలో నీళ్ళు బావిలోనే ఉంటాయి, కావలసినప్పుడు కావలసినంత చేదుకుంటాం. ముందు ఎవరు పంపారు, ఏ విషయం అన్నంతవరకే వస్తుంది. తెరిస్తేనే లోపలి మాటలు. 20 ఎంబీ పెళ్ళి ఫొటోలు జతచేసి పంపినా, వాటిని అక్కడే వదిలేసి కింద రాసిన రెండు లైన్లు చదువుకోవచ్చు. ఇక్కడ చదివితే ఫోన్‌లోనూ చదివినట్టే కనిపిస్తుంది, ఆ గుర్తు కూడా సర్వర్‌లోనే ఉంటుంది కాబట్టి.

దీని విలువ నాకు దెబ్బ తగిలాకే తెలిసింది. చాలా ఏళ్ళ క్రితం మెయిల్ సెట్ చేసిన కుర్రాడు ఐమ్యాప్ బదులు, మెయిళ్ళని మన కంప్యూటర్‌లోకి దించుకునే పాప్ పద్ధతి పెట్టి, సర్వర్‌లో కాపీ ఉంచమనే టిక్కు తీసేశాడు. మెయిళ్ళన్నీ నా డిస్కులోకి దిగిపోయాయి. డిస్కు పోయింది. మా చెల్లి పెళ్ళయి అమెరికా వెళ్ళిన కొత్తలో, వంట రాక ఏడుస్తూ రాసిన మెయిళ్ళు కూడా దాంతోనే పోయాయి.

అలాగని ఆల్పైన్‌ని నెత్తిన పెట్టుకోను. తెలుగు మెయిల్ వచ్చిందంటే ఒత్తులు ఒకచోట, అక్షరాలు ఒకచోట! టెర్మినల్‌లో, అంటే ఆ నల్ల తెరలో, ప్రతి గుర్తుకీ ఒకే కొలత గడి, మన "స్త్రీ" అందులో ఎక్కడ ఇముడుతుంది? వాటికోసం క్లాజ్ మెయిల్ (Claws Mail) అనే ఇంకో ప్రోగ్రామ్ పెట్టుకున్నా. అదీ తేలికే, తెలుగు చక్కగా చూపిస్తుంది. రంగురంగుల ప్రకటన మెయిళ్ళని మామూలు అక్షరాలుగా మార్చేస్తుంది, పీడా పోయింది.

ఇంత బాగున్నా ఆఫీసు మెయిల్ మాత్రం ఇందులో రాదు. ఐమ్యాప్ మూసేశారు, సెక్యూరిటీ అట. బయటి కంప్యూటర్ సెంటర్‌లో బ్రౌజర్ తెరిచి చూస్తే పర్లేదట, నా సొంత ల్యాప్‌టాప్‌లో ఆల్పైన్ వద్దట. ఎందుకో చెప్పమని మార్చిలో ఆఫీసు ఐటీ వాళ్ళకి టికెట్ (ఫిర్యాదు) పెట్టా. "మీ సమస్య పరిష్కారమైంది" అని జవాబొచ్చింది. బ్రౌజర్ తెరిచే చదువుకున్నా, ఫ్యాను హోరులో.