సవరణ: క్రాలర్ టైమ్‌అవుట్, లాగిన్ గురించి

వెబ్ పేజీలను తెచ్చే పైథాన్ రిక్వెస్ట్స్ లైబ్రరీతో క్రాలర్ (పేజీలను తనంతట తానే దించుకునే ప్రోగ్రామ్) రాయడంపై నేను పెట్టిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి.

టైమ్‌అవుట్ (ఎంతసేపు ఎదురుచూడాలో చెప్పే హద్దు) 30 అని ఇస్తే, పేజీ మొత్తం 30 సెకన్లలో రాకపోతే ఆగిపోతుందని రాశాను. కాదు. ఆ అంకె కనెక్షన్ కుదరడానికి విడిగా, డేటా రాకలో వచ్చే విరామానికి విడిగా వర్తిస్తుంది. సర్వర్ 20 సెకన్లకోసారి నాలుగు బైట్లు విదిలిస్తూ పోతే మన క్రాలర్ గంటసేపైనా అలాగే కూర్చుంటుంది. రెండింటినీ టపుల్‌లో (బ్రాకెట్లలో రాసే విలువల జతలో) వేరువేరుగా ఇవ్వడం మేలు: ముందు కనెక్షన్‌కి 5, తర్వాత రీడ్‌కి, అంటే డేటా రాకలో విరామానికి, 30. మొత్తం సమయానికి హద్దు కావాలంటే స్ట్రీమ్ ఆన్ చేసి (పేజీని ఒకేసారి కాక వచ్చినకొద్దీ తీసుకునేలా పెట్టి), ముక్కముక్కగా చదువుతూ గడియారం మనమే చూసుకోవాలి. టైమ్‌అవుట్ అసలు ఇవ్వకపోతే ఏ హద్దూ ఉండదన్న మాట మాత్రం సరైనదే.

ఇక లాగిన్. సర్వర్ జవాబుతో పంపే స్టేటస్ కోడ్ 200 (అంతా సరే అని అర్థం) వస్తే లోపలికి వెళ్లినట్టేనన్నాను. పాస్‌వర్డ్ తప్పైనా అదే ఫారాన్ని 200తో తిరిగి పంపే సైట్లు చాలా ఉన్నాయి. లాగిన్ అయినవాళ్లకే కనిపించే లాగౌట్ లింకు లాంటిది పేజీలో ఉందేమో చూడండి. ఒకే లాగిన్ పేజీని రాత్రంతా వందలసార్లు దించుకున్నాక గానీ నాకిది తట్టలేదు!

అన్నట్టు, ఆ పోస్టులోని ఉదాహరణలో పాస్‌వర్డ్‌ను కోడ్‌లోనే రాసేశాను. దాన్ని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లోకి (కోడ్ బయట ఉంచి, ప్రోగ్రామ్ నడిచేటప్పుడు అందించే విలువలోకి) మార్చాను.