ఆ తాళం చెవి గురించి

పోయిన నెల మా షాపులో ఇరవై రెండేళ్ల కుర్రాడి ఎడమ చూపుడు వేలి చివరి కణుపు, ఉక్కు రేకుల్ని వంచే బెండింగ్ మెషిన్ కింద నలిగిపోయింది. ప్రమాదాల పుస్తకంలో దాని గురించి రాసినది ఒకే ఒక ముక్క: "ఆపరేటర్ అజాగ్రత్త." ఆ ముక్క చదివినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. అదే మెషిన్ మీద పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. ఆ మాట తప్పని చెప్పడానికి నాకంటే దగ్గరివాడు మరొకరు లేరు.

విశాఖలోని గాజువాక ఆటోనగర్‌లో మాలాంటి షాపులు ఏ వీధికి వెళ్లినా కనిపిస్తాయి. ప్యానెల్ పెట్టెలు, కేబుల్ ట్రేలు, బ్రాకెట్లు, ట్యాంకులు చేస్తాం. చూసేవారికి ఆపరేటర్ అంటే పెడల్ తొక్కేవాడు. మా బంధువుల్లోనే ఒక పెద్దాయన "పనంతా మెషినే చేస్తుంటే ఇక నీకేం పని బాబూ?" అని అడిగారు. పండగ పూట ఇంట్లో అందరి ముందు ఏమీ అనలేకపోయాను. ఇక్కడ చెబుతాను.

2500కి 1250 ఎం.ఎం. కొలతల, 6 ఎం.ఎం. మందం ప్లేటు 147 కిలోల బరువు ఉంటుంది. మందానికి ఎనిమిది రెట్లు వెడల్పున్న డై (ప్లేటు కింద ఉండే గాడి అచ్చు) మీద దాన్ని వంచాలంటే, మీటరు పొడవుకు దాదాపు 50 టన్నుల ఒత్తిడి కావాలి. విశాఖ ఉక్కు అని ఊరంతా గర్వంగా చెప్పుకుంటాం, నేనూ చెప్పుకుంటాను. కానీ మన ప్లాంటులో తయారయ్యేది కడ్డీలు, తీగ, యాంగిళ్లు, ఛానెళ్లు. మాకు కావలసిన ప్లేటు వేరే ఊళ్ల మిల్లుల నుంచి రావలసిందే. ఒక్కో లోడు ఒక్కో తీరుగా వంగుతుంది. ఒత్తిడి తీసేయగానే ఉక్కు కాస్త వెనక్కి తెరుచుకుంటుంది కాబట్టి, 90 డిగ్రీలు రావాలంటే 88కో 89కో దించాలి. ఈ లోడుకు ఎంత దించాలన్నది మెషిన్‌ను నడిపే కంట్రోలర్‌కు తెలియదు. మొదటి ముక్క వంచి, మూలమట్టం ఆనించి, ట్యూబులైటుకు ఎదురుగా పట్టి చూస్తాను. మట్టానికీ ప్లేటుకూ మధ్య వెంట్రుకంత వెలుగు గీత కనిపిస్తుంది. ఆ వెలుగు ఏ చివర ఉందో చూస్తే కోణం తెరుచుకుందో మూసుకుందో తెలిసిపోతుంది. తరువాత వంపు వెంబడి చూపుడు వేలితో మెల్లగా తడుముతాను. మధ్యలో, పైనుంచి ప్లేటును నొక్కే పంచ్ సరిగా దిగకపోతే కంటికి దొరకని ఎత్తుపల్లం వేలికి దొరుకుతుంది. ఇక మన సముద్రపు గాలికి రాత్రికి రాత్రే ప్లేటు మీద ఎర్రటి పొర వస్తుంది. దాన్ని తుడవకుండా వంచితే చెత్తంతా డైలో చేరి తరువాతి జాబ్ మీద గీతలు పడతాయి. పెద్దాయనా, నా పని ఇదీ.

ఆ కుర్రాడికి ఇప్పుడు ఆ వేలి కొనే లేదు. 1923 నాటి పరిహార చట్టానికి జతచేసిన పట్టికలో చూపుడు వేలు మొత్తం పోతే సంపాదన శక్తిలో 14 శాతం నష్టం, ఒక్క కణుపు పోతే 9 శాతం అని ఉండేది. ఆ లెక్క ఎవరు ఎలా వేశారో గానీ, మా పనిలో చూపుడు వేలి కొన అంటే 9 శాతం కాదు. కొలతలు తీసే వెర్నియర్ పట్టుకోవాలన్నా, చిన్న బ్రాకెట్‌ను మెషిన్ వెనక స్టాపర్‌కు ఆనించాలన్నా అదే కావాలి.

ఇక ఆ రోజు జరిగింది. మా మెషిన్ ముందు రెండు పక్కలా సెన్సార్ స్తంభాలున్నాయి. వాటి మధ్య కంటికి కనిపించని కిరణాలకు చేయి అడ్డువస్తే, దిగుతున్న పంచ్ ఆగిపోతుంది. అయితే పెట్టె ఆకారపు జాబ్ వంచేటప్పుడు పైకి లేచిన అంచులే కిరణాలకు అడ్డుపడి మెషిన్ మాటిమాటికీ ఆగుతుంది. అలాంటి జాబ్ కోసం, సెన్సార్లను కాసేపు పనిచేయకుండా ఆపే బైపాస్ తాళం ఉంటుంది. పని కాగానే దాన్ని వెనక్కి తిప్పి, చెవి సూపర్వైజర్‌కు అప్పగించాలి. మా దగ్గర ఆ చెవి ప్యానెల్‌లోనే ఉండిపోయింది. దాని రంధ్రానికి కట్టిన ఎర్రదారం కిందటి ఆయుధపూజ నాటిది. అంటే దసరా నుంచి ఆ సెన్సార్లు గుడ్డివే. నేనూ రోజూ ఆ దారాన్ని చూస్తూనే పనిచేశాను. అడగలేదు. ఆ తప్పు నాది కూడా.

కుర్రాడు ఆ రోజు చేసినవి చిన్న బ్రాకెట్లు. వాటికి బైపాస్ అవసరమే లేదు. మర్నాడు పొద్దున డెలివరీ ఉందని షిఫ్టు అయ్యాక కూడా ఉండమన్నారు. పని మొదలుపెట్టిన పదకొండో గంటలో ముక్క కాస్త వంకరగా ఆనింది. సరిచేయబోయాడు, కాలు పెడల్ మీదే ఉంది. అలసిపోయిన మనిషి కాలు పెడల్ మీద ఉండిపోతుందని తెలిసే కదా ఆ సెన్సార్లు పెట్టింది! యంత్రం కదులుతున్నంతసేపూ రక్షణ కవచం దాని స్థానంలో ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ చెప్పేది. కార్మికుడు అలసిపోకుండా ఉంటేనే అని అందులో లేదు. మరి పుస్తకంలో కుర్రాడి అజాగ్రత్త ఒక్కటే ఎందుకు ఎక్కింది? చెవి అక్కడ వదిలినవారి అజాగ్రత్త, చూసీ ఊరుకున్న నాలాంటివారి అజాగ్రత్త, మర్నాటికి డెలివరీ ఒప్పుకున్నవారి అజాగ్రత్త ఎక్కడ రాశారు?

యజమానుల కష్టం నాకు తెలియనిది కాదు. చిన్న షాపు, ఆర్డరు ఆలస్యమైతే మళ్లీ రాదు. అయినా సెన్సార్ పనిచేస్తే 400 బ్రాకెట్లకు పట్టే అదనపు సమయం అరగంట కూడా కాదు. ఇది నేను చేసి చూసి చెబుతున్న మాట.

మిగతా షాపుల్లో పనిచేసే తమ్ముళ్లకు ఒక్కటే మనవి. రేపు పనిలోకి వెళ్లగానే మీ ప్యానెల్‌లో ఆ చెవి ఉందేమో చూడండి. ఉంటే తీసి ఇవ్వండి. వద్దంటే, ఎందుకు వద్దో కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి.

మా షాపులో చెవి నేనే తీశాను. మొన్న సూపర్వైజర్ గారు వచ్చి అడిగారు. "ఏ జాబ్‌కు కావాలో రాసి ఇవ్వండి సార్, ఇస్తాను" అన్నాను. ఏమీ అనకుండా వెళ్లిపోయారు. నిన్న మళ్లీ వచ్చారు, ఈసారి చేతిలో కాగితం ఉంది. జాబ్ పేరు రాశారు. సంతకం దగ్గర మాత్రం ఖాళీ వదిలారు. చెవి ఇంకా నా దగ్గరే ఉంది.